ఉంబెర్తో డి (1952): కుక్కను ఎవరికైనా అప్పగించాలని బయల్దేరిన పెద్దాయన

కుక్క సినిమాలకు ఒక మూస ఉంది. కుక్క ప్రాణాలకు తెగించి యజమానిని కాపాడుతుంది, లేదంటే ఆయన పోయాక ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది, ఆఖర్న హాలంతా కళ్లు తుడుచుకుంటుంది. ఇటలీ దర్శకుడు వితోరియో దె సీకా తీసిన ‘ఉంబెర్తో డి’లో అలాంటిదేమీ జరగదు. ఇందులో ఫ్లైక్ అనే బుజ్జి కుక్క తింటుంది, పడుకుంటుంది, ఏదైనా విసిరితే పరిగెత్తి తెస్తుంది, భయమేస్తే వణుకుతుంది. అంతకు మించిన ఘనకార్యాలు దానికి పెట్టలేదు. పరీక్షంతా మనిషికే. నెలకు 18,000 లీరాల (అప్పటి ఇటలీ డబ్బు) పింఛనుతో రోము నగరంలో అద్దె గదిలో ఉంటున్న ఒక రిటైర్డు గుమస్తా, తన గతి తప్పిపోతుంటే, తనను నమ్ముకున్న ప్రాణిని ఏం చేస్తాడన్నదే 89 నిమిషాల కథ. కుక్క విశ్వాసం మీద తీసిన సినిమాల్లో దీన్ని మించింది లేదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో సీన్లవారీగా చెబుతాను.

ముందుగా, కుక్కల్ని పెంచేవాళ్లు ఏ సినిమా గురించైనా మొదట అడిగే మాట: కుక్క చచ్చిపోతుందా? ఫ్లైక్ చావదు. కానీ మధ్యలో మున్సిపాలిటీ వాళ్లు పట్టుకొచ్చిన ఊరకుక్కల్ని చంపే చోటు ఒకటి చూపిస్తారు. రక్తం కనబడదు గాని, చూసినవాళ్లకు చాలా రోజులు గుర్తుంటుంది. పెద్దాయన చావాలనుకునే ఘట్టాలు రెండున్నాయి. మనసు బాగోలేని రోజుల్లో ఒంటరిగా కూర్చుని చూడాల్సిన సినిమా కాదిది. కింద ముగింపు కూడా చెప్పేశాను. తెలిసి చూస్తే పాడయ్యే కథ కాదు కాబట్టే చెప్పాను. వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆపి, సినిమా చూసి రండి.

కథ డబ్బు లెక్కతో మొదలవుతుంది. పింఛన్లు పెంచాలంటూ ముసలివాళ్లు రోడ్డు మీదికొచ్చి ఊరేగుతుంటారు. పర్మిషన్ లేదని పోలీసులు జీపులతో తరిమేస్తారు. ఆ గుంపులో ఉంబెర్తో దొమెనికో ఫెర్రారి, ఆయన చేతిలో గొలుసుకు ఫ్లైక్. ప్రజాపనుల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. యుద్ధం తర్వాత ఇటలీలో ధరలు ఆకాశానికి పోయాయి, పింఛన్లు మాత్రం నేల మీదే ఉండిపోయాయి. ఇంటావిడకు ఆయన బాకీ పడ్డ అద్దె 15,000 లీరాలు. నెలాఖరుకి మొత్తం కట్టకపోతే సామాను బయట పెట్టేస్తానంటుంది. చేతి గడియారం 3,000కి పోతుంది. పుస్తకాలు కూడా అమ్మేస్తాడు. అలా పోగేసిన 5,000 తీసుకుపోతే ఆవిడ ముట్టుకోదు, ఇస్తే మొత్తం ఇవ్వమంటుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకుని చూడండి. సినిమాలో ప్రతి నిర్ణయం వెనకా ఇవే ఉంటాయి. ఆయన ఒక చోట టాక్సీ ఎక్కాడంటే ఎంత గత్యంతరం లేక ఎక్కాడో అప్పుడే తెలుస్తుంది.

ఆయన బయటికి వెళ్లినప్పుడు ఇంటావిడ ఆ గదినే గంటల లెక్కన జంటలకు అద్దెకిస్తుంటుంది. తిరిగొచ్చి తలుపు తీస్తే మంచం మీద ఎవరో ఉంటారు. గోడల నిండా చీమలు. ఇంట్లో ఆయనతో మనిషిలా మాట్లాడేది పనమ్మాయి మరియా ఒక్కతే. పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల, మూడో నెల గర్భిణి. తండ్రి ఇద్దరు సైనికుల్లో ఎవరో తనకే తెలియదు. ఇంటావిడకు తెలిసిన రోజున తనూ రోడ్డున పడుతుంది. ఆ పిల్ల పెద్దాయన గదిలోకి వచ్చేది కిటికీలోంచి సైనికుల్ని చూడటానికి.

ఫ్లైక్ సంగతికొద్దాం. ఫలానా జాతి అని చెప్పుకునే కుక్క కాదు, తెల్లటి ఒంటి మీద ముదురు మచ్చలున్న చిన్న సైజు సంకరజాతి. మొదట్లోనే ఉచిత భోజనశాల సీను వస్తుంది. పొడవాటి బల్లల దగ్గర ముసలివాళ్లు వరసగా తింటుంటారు. ఉంబెర్తో తన ప్లేటులోది కొంత తిని, ఎవరూ చూడకుండా బల్ల కింద ఫ్లైక్ ముందు పెడతాడు. అక్కడ అజమాయిషీ చేసే ఆవిడ కంటబడకుండా ఒక పక్క గడియారం బేరం, ఇంకో పక్క కుక్క భోజనం. కుక్కంటే ఆయనకు ఎంత ప్రేమో చెప్పే డైలాగు సినిమా మొత్తంలో ఎక్కడా లేదు. తనకు చాలని ప్లేటులో దానికి వాటా పెట్టడం చూపించి ఊరుకున్నారు. అక్కడితో మనకు అర్థమైపోతుంది.

జంతువుల సినిమాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఏదైనా విషాదం జరగ్గానే కుక్క మొహం క్లోజప్‌కి కట్ చేస్తారు. అది తల పక్కకు వంచుతుంది, వెనక వయొలిన్ వినిపిస్తుంది. అసలు ఆ షాటు తీసినప్పుడు కుక్క ఎదురుగా బిస్కెట్టో శిక్షకుడి చెయ్యో ఉంటుంది తప్ప కథలోని మనిషి ఉండడు. ప్రేక్షకుడికి ఆ సంగతి విడమరచి తెలియకపోయినా ఎక్కడో అబద్ధం తగులుతుంది. దె సీకా సాధ్యమైనంత వరకు కుక్కనీ మనిషినీ ఒకే ఫ్రేములో ఉంచాడు. ఉంబెర్తో నడుస్తుంటే ఫ్లైక్ కాళ్ల పక్కన నడుస్తుంది, ఆగితే ఆగుతుంది, ఆయన ఎవరితోనో మాట్లాడుతుంటే అది ఇంకెటో చూస్తుంది. ఆ ఇంకెటో చూడటమే నిజం. పెంపుడు కుక్క యజమాని దుఃఖాన్ని రోజంతా గమనిస్తూ కూర్చోదు. ఆయన పక్కన ఉండటమే దాని పని. ఈ తేడా కుక్కల్ని సాకినవాళ్లకు మొదటి పదినిమిషాల్లోనే పట్టుబడుతుంది.

పెద్దాయన వేషం వేసిన కార్లో బత్తిస్తీ నటుడు కాదు. ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం ప్రొఫెసరు, అప్పటికి డెబ్భయ్యేళ్లకు దగ్గర పడ్డవాడు. రోము వీధిలో నడిచిపోతుంటే దె సీకా చూసి పట్టుకున్నాడు. ఆ ఎంపిక ఎంత గొప్పదో ఆయన నడకలోనే ఉంది. బట్టలు పాతవే అయినా టోపీ, కోటు, టై మాత్రం తప్పవు. వెన్ను వంచడు. ఒక్కోసారి చిరాకు పడతాడు, అరుస్తాడు, ఇంటావిడను ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పి దెప్పుతాడు, మరియా తన కష్టం చెప్పుకుంటుంటే సగం విని తన గొడవలో పడిపోతాడు. ప్రేక్షకుడి జాలి కోసం ఆయన్ని సాధువుని చెయ్యలేదు. మన ఇళ్లల్లో రిటైరైన పెద్దవాళ్లను దగ్గర్నించి చూసినవారికి ఈ మనిషి వెంటనే తెలిసిపోతాడు: ఆకలికి ఓర్చుకుంటాడు గాని, ఆకలిగా ఉందని నలుగురిలో తెలియనివ్వడు.

ఇక కుక్కల బందెలదొడ్డి ఘట్టం. ఉంబెర్తోకి గొంతు వాచి జ్వరం వస్తుంది. ఆస్పత్రిలో చేరితే కొన్నాళ్లు తిండి ఖర్చు మిగులుతుందని కూడా ఆయన లెక్క. పక్క మంచం రోగి కిటుకు చెబుతాడు: నర్సుగా ఉండే సన్యాసినిని జపమాల అడుగు, ఇంకొన్ని రోజులు ఉండనిస్తారని. ఫ్లైక్‌ని మరియాకి అప్పగించి వచ్చాడు. తిరిగొచ్చేసరికి కుక్క లేదు. ఇంటావిడ వీధి తలుపు తీసి వదిలేసింది, అది ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ఇల్లంతా రిపేర్లు. తన గది గోడకే పెద్ద కన్నం కొట్టి ఉంటుంది, ఆవిడ పెళ్లి చేసుకుని దాన్ని హాల్లో కలిపేసుకోబోతోంది. ఆయన అవేవీ పట్టించుకోడు, కుక్క కోసం బందెలదొడ్డికి పరిగెత్తుతాడు.

ఇక్కడ రెండు చిన్న విషయాలు గమనించండి. మొదటిది గ్లాసు. టాక్సీకి ఇవ్వాలంటే ఆయన దగ్గర 1,000 లీరాల నోటు మాత్రమే ఉంది, చిల్లర ఎవరూ ఇవ్వరు. దగ్గర్లో అమ్ముతున్న ఒక గాజు గ్లాసు కొంటాడు. నోటు మారుతుంది. ఆ గ్లాసు ఆయనకెందుకు? అక్కడే పారేసి పగలగొట్టి వెళ్లిపోతాడు. ప్రతి లీరా పట్టి పట్టి చూసుకునే మనిషి డబ్బుపెట్టి కొన్న వస్తువును అలా పగలగొట్టాడంటే ఎంత కంగారులో ఉన్నాడో చెప్పడానికి ఇంకే మాటా అక్కర్లేదు. మొదటిసారి చూసేవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు, నాలుగైదు సెకన్లలో అయిపోతుంది మరి.

రెండోది, కౌంటరు దగ్గర నిలబడ్డ ఇంకో మనిషి. ఆయన కుక్క దొరికింది, కానీ విడిపించుకోవడానికి కట్టాల్సిన రుసుము ఆయన దగ్గర లేదు. కట్టకపోతే ఏమవుతుందని అడుగుతాడు. చంపేస్తారు అని జవాబు. ఆయన అక్కడే నిలబడిపోతాడు. ఆ తర్వాత ఆయన ఏం చేశాడో సినిమా చెప్పదు. ఉంబెర్తోకి ఫ్లైక్ దొరికింది కాబట్టి మనం ఊపిరి పీల్చుకుంటాం, ఆ పేదవాడి కుక్క మాత్రం మనసులో మిగిలిపోతుంది. కుక్కల్ని బోనులతో సహా ఒక గదిలోకి తోసి తలుపు మూస్తుంటే ఉంబెర్తో చూస్తాడు. బండి దిగుతున్న కుక్కల్లో తనదుందేమోనని ఒక్కొక్కదాన్నీ వెతుకుతాడు. చివరికి ఫ్లైక్ కనిపించినప్పుడు ఆయన దాన్ని ఎత్తుకుని హత్తుకునే తీరులో నటన అనేది ఎక్కడా లేదు. మన ఊళ్లలోనూ మున్సిపాలిటీ కుక్కల బండి వస్తోందంటే కుక్కల్ని ఇంట్లోకి లాక్కుని తలుపులేసుకున్న తరం ఇంకా ఉంది. వాళ్లకు ఈ పది నిమిషాలు వేరేగా తగులుతాయి.

ముష్టి సీను గురించి విడిగా చెప్పుకోవాలి. చోటు రోములోని పాంథియన్, దాదాపు రెండు వేల ఏళ్ల నాటి మహా స్తంభాల కట్టడం. ఉంబెర్తో ఒక పక్కన నిలబడి చెయ్యి చాపడం సాధన చేస్తాడు. అరచెయ్యి ఎంత చాపాలి, మోచెయ్యి ఎక్కడుండాలి అని చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఇంతలో ఒకాయన దారిన పోతూ జేబులో చెయ్యి పెట్టి డబ్బు తీస్తాడు. సరిగ్గా డబ్బు పడే క్షణంలో ఉంబెర్తో చెయ్యి తిరగేస్తాడు, వాన పడుతోందా అని చూస్తున్నవాడిలా. దాత అయోమయంగా డబ్బు జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. ఒక్క మణికట్టు కదలికలో మనిషి పరువంతా చూపించారు. డైలాగు లేదు, క్లోజప్పు కోసం తొందర లేదు.

తన వల్ల కాదని తేలాక ఫ్లైక్‌కి పని అప్పజెబుతాడు. వెనక కాళ్ల మీద కూర్చోబెట్టి, నోటికి టోపీ అందించి, తను స్తంభం చాటున నక్కుతాడు. ఫ్లైక్ ముందరి కాళ్లు ఎత్తి, టోపీ కరుచుకుని బుద్ధిగా కూర్చుంటుంది. ఇది కట్ చేసి అతికించిన విద్య కాదు, షాటు నడుస్తూండగా కుక్క నిజంగా అలా కూర్చుని ఉంటుంది. ఈ విద్య చూడటానికి సులువుగా ఉంటుంది గాని కుక్కకు కష్టమే. నడుము మీద బరువు నిలిపి, పైగా నోట్లో వస్తువు జారకుండా పట్టుకోవాలి. అలసిపోతున్నా వదలకుండా కూర్చోవడం చూస్తుంటే మనకు నవ్వు రాదు. అంతలో పాత పరిచయస్తుడైన పెద్దమనిషి అటుగా వచ్చి ఫ్లైక్‌ని గుర్తుపడతాడు. ఉంబెర్తో పరుగున వచ్చి, ఇది ఇలా ఆడుకుంటూ ఉంటుందండీ అన్నట్టు సర్దుకుంటాడు. కుక్క చేసినదానికి తను సిగ్గుపడతాడు, తన కోసమే చేసిందని తెలిసీ. విశ్వాసం అనే మాటకు ఇంతకంటే బరువైన దృశ్యం నేను చూడలేదు. పక్కాగా చెప్పాలంటే ఈ ఒక్క సీను కోసమైనా సినిమా చూడాలి.

కుక్క లేని ఒక సీను గురించి కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే సినిమా చదువు చదివినవాళ్లంతా దీన్నే ఉదహరిస్తారు. తెల్లవారుజామున మరియా నిద్రలేస్తుంది. పైన అద్దాల కప్పు మీద పిల్లి నడుస్తుంటే పడుకునే చూస్తుంది. వంటింట్లోకి వచ్చి అగ్గిపుల్ల గోడకు గీస్తుంది. మొదటిసారి అంటుకోదు. పొయ్యి వెలిగిస్తుంది. గోడ మీది చీమల మీద నీళ్లు కొడుతుంది. పొట్ట తడుముకుంటుంది. కుర్చీలో కూర్చుని కాఫీ గింజలు మర పడుతూ, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా, లేవకుండానే కాలు చాపి బొటనవేలితో తలుపు మూస్తుంది. అంతే, కథ ఒక్క అంగుళం ముందుకు జరగదు. కథా రచయిత చేజరే జవత్తీనీ ఎప్పట్నించో వాదించింది ఇదే: ఏమీ జరగని మనిషి జీవితంలోంచి కొంత కాలాన్ని ఉన్నదున్నట్టు చూపించగలగాలని. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాఁ ఈ సీను మీద రాసిన పేజీలు సినిమా పాఠాలుగా నిలిచిపోయాయి. మొదటిసారి చూసేవాళ్లు ఓపిక పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. ఫోను పక్కన పడేసి ఆమె చేతుల్ని చూడండి. మరియాగా వేసిన మరియా పియా కసీలియోకి అది మొదటి సినిమా.

చివరి ఇరవై నిమిషాల్లో సినిమా అసలు విషయానికొస్తుంది. రాత్రి ఉంబెర్తో కిటికీ దగ్గర నిలబడి కింద ట్రాము పట్టాల వైపు చూస్తాడు. కెమెరా ఒక్కసారిగా ఆ రాళ్ల మీదికి దూసుకుపోతుంది. అంతవరకు నిదానంగా నడిచిన కెమెరా చేసిన ఏకైక దుడుకు పని అదే, అందుకే గుండె జారుతుంది. వెనక్కి తిరిగితే మంచం మీద ఫ్లైక్ నిద్రపోతుంటుంది. నేను పోతే దీన్నెవరు చూస్తారు? ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని ఆపుతుంది, కానీ చావాలన్న ఆలోచన పోదు. కుక్కకొక దారి చూపించాక చావొచ్చనుకుంటాడు. తెల్లారగానే పెట్టె సర్దుకుని, మరియాకి చెప్పి, ఫ్లైక్‌ని తీసుకుని ట్రామెక్కుతాడు.

మొదట కుక్కల్ని ఉంచుకునే ఒక జంట దగ్గరికి వెళ్తాడు. ఎవరి దగ్గరైనా కుక్కను వదిలేముందు ఏమేం చూడాలో ఈ సీను చూస్తే తెలుస్తుంది. అక్కడి కుక్కలు పళ్లు బయటపెట్టి అరుస్తుంటాయి. యజమానురాలి చూపు కుక్క మీద ఉండదు, ముందు డబ్బు మాటే. ఫ్లైక్ ఆయన కాళ్ల దగ్గర వణుకుతుంది. ఉంబెర్తో అంతా గమనిస్తాడు. దిక్కులేని స్థితిలో ఉన్నాడు, చేతిలో ఉన్న డబ్బంతా ఇవ్వడానికి సిద్ధపడి వచ్చాడు, అయినా అలాంటి చోట వదలడానికి మనసొప్పక వెనక్కి తీసుకొచ్చేస్తాడు. తను చావడానికి పోతున్న మనిషి కుక్కకు మంచి ఇల్లు కావాలని పట్టుబట్టడం, దె సీకా దాన్ని ఏమాత్రం గొప్ప చెయ్యకుండా చూపించడం, రెండూ నాకు ఎంతో ఇష్టం. తర్వాత పార్కులో దనియేలా అనే చిన్న పిల్లకు ఊరికే ఇచ్చేస్తానంటాడు. పిల్ల ఎగిరి గంతేస్తుంది, ఆయా కుదరదంటుంది. ఆఖరికి ఫ్లైక్ పిల్లలతో ఆడుతుండగా వంతెన కింద దాక్కుంటాడు, పిల్లలు దాన్ని తీసుకుపోతారని. ఫ్లైక్ వెతుక్కుంటూ వచ్చేస్తుంది.

దారులన్నీ మూసుకుపోయాక దాన్ని ఎత్తుకుని రైలు గేటు దాటి పట్టాల దగ్గరికి వెళ్తాడు. రైలు వస్తోంది. ఫ్లైక్ మూలుగుతుంది, గింజుకుంటుంది, ఆయన చేతుల్లోంచి దూకి పారిపోతుంది. కుక్క యజమానిని కాపాడిందని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. ఫ్లైక్ తనను తాను కాపాడుకుంది. ప్రాణభయంతో పారిపోయింది, దాని వెంటపడటంతో ఆయన బతికాడు. రైలు దాటిపోయాక ఆయన పిలుస్తాడు. ఫ్లైక్ రాదు. ఇదే ఆ సినిమాలో అన్నిటికంటే ధైర్యమైన ఘట్టం. అన్ని కుక్క సినిమాల్లోనూ యజమాని ఏం చేసినా కుక్క క్షమించేస్తుంది. ఇక్కడ అడుగు ముందుకేస్తే అడుగు వెనక్కేస్తుంది. కొట్టిన చేతికి, భయపెట్టిన చేతికి కుక్క ఎలా దూరంగా ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ షాట్లు చూడటం కష్టం.

ఇప్పుడు ఉంబెర్తో చేసే పని చూడండి. ఎదురెళ్లి పట్టుకోడు. అరవడు. ఒక దేవదారు కాయ ఏరుకుని ఆటకు పిలుస్తాడు. ఫ్లైక్ అనుమానంగా చూస్తుంది, దగ్గరికి వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. బెదిరిన కుక్కను తిరిగి దగ్గర చేసుకోవాలంటే శిక్షకులు కూడా చెప్పేది ఇదే: మీదపడకుండా, అది ఇష్టపడే ఆట మొదలుపెట్టి, అదే వచ్చేదాకా ఆగాలి. ఆ కాయ కోసం ఎగురుతూ ఫ్లైక్ ఆయనతో కలుస్తుంది, ఇద్దరూ చెట్ల మధ్య దూరంగా వెళ్లిపోతుంటే సినిమా అయిపోతుంది. ఆయనకు ఇల్లు లేదు, రాత్రికి తిండి ఎక్కడిదో తెలియదు. ఆ లెక్కల్లో ఒక్కటీ తేలలేదు. తేలనట్టే వదిలేయడం సినిమా నిజాయితీ.

లోపాలున్నాయి. అలెస్సాంద్రో చికోన్యీనీ సంగీతం చాలా చోట్ల మనల్ని ఏడవమని తోస్తుంది. జి.ఆర్. ఆల్దో కెమెరా అంత నిగ్రహంగా ఉన్నప్పుడు ఈ తోపుడు అక్కర్లేదు. ముఖ్యంగా చివరి సీన్లలో సౌండు కాస్త తగ్గించుకుని చూసినా నష్టం లేదు. ఇంటావిడ పాత్రకు ఒకటే రంగు వేశారు. ఆమెకూ ఏదో ఇబ్బంది ఉందని ఒక్క చిన్న సీను చూపించి ఉంటే పెద్దాయన కష్టం ఇంకా నమ్మదగ్గదిగా ఉండేది. మరియా కథ కూడా కిటికీ దగ్గర చెయ్యి ఊపడంతో ఆగిపోతుంది. ఆమెకంటూ ఇంకొక్క నిమిషం ఇవ్వాల్సింది.

విడుదలైనప్పుడు ఇటలీలో జనం చూడలేదు. ప్రభుత్వం తరఫున సినిమా వ్యవహారాలు చూసే జూలియో ఆంద్రెయోత్తీ, ఆ తర్వాత చాలాసార్లు ప్రధానమంత్రి అయినాయన, దేశం పరువు బయట తీస్తున్నారని దె సీకాను తప్పుబడుతూ బహిరంగ లేఖ రాశాడు. అమెరికాలో మాత్రం 1955లో న్యూయార్కు విమర్శకుల సంఘం ఉత్తమ విదేశీ చిత్రంగా ఇంకో చిత్రంతో కలిపి ఎంపిక చేసింది, జవత్తీనీ కథకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దె సీకా ఈ సినిమాను తన తండ్రికి అంకితమిచ్చాడు. మన దేశానికి దె సీకా పరిచయమైంది ఆ 1952లోనే. బొంబాయిలో మొదలై మద్రాసుకీ వచ్చిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఆయన అంతకుముందు తీసిన సైకిల్ దొంగల సినిమా చూపించారు. తెలుగు సినిమా పరిశ్రమంతా అప్పుడు మద్రాసులోనే ఉండేది.

ఎలా చూడాలంటే: నలుపు తెలుపు చిత్రం, ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. టీవీలో తెర నిండేలా సాగదీసే సెట్టింగు ఉంటే ఆపేయండి. రెండు పక్కలా నల్ల పట్టీలు కనబడితేనే సరైన ఫ్రేము. సాగదీస్తే మనుషులు పొట్టిగా కనిపిస్తారు. జూమ్ చేస్తే కింది భాగం కోసేస్తుంది, ఈ సినిమాలో కింది భాగంలోనే ఫ్లైక్ ఉంటుంది! కాపీ నాణ్యత తెలుసుకోవాలంటే మరియా వంటింటి సీను పెట్టి చూడండి. గోడ మీద చీమలు విడివిడిగా కనిపించాలి. అంతా బూడిద రంగు ముద్దగా ఉంటే వేరే కాపీ వెతకడమే మంచిది. పాత మంచి సినిమాలను డిస్కులుగా తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ వాళ్లు 2003లో డీవీడీ, 2012లో బ్లూరే తెచ్చారు. అందులో దె సీకా మీద ఇటలీ టీవీ తీసిన డాక్యుమెంటరీ, కసీలియో ఇంటర్వ్యూ ఉన్నాయి. పెదాల కదలిక మాటలకు కుదరని చోట్లు కనబడితే కాపీ చెడిపోయిందని అనుకోకండి. అప్పటి ఇటలీ సినిమాల్లో మాటలు తర్వాత స్టూడియోలో కలిపేవారు.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేగంగా చదవలేని పెద్దవాళ్లతో చూస్తుంటే, మొదటి పావుగంట లీరాల లెక్క పక్కనుంచి తెలుగులో చెప్పండి. పింఛను ఎంత, బాకీ ఎంత, గడియారం ఎంతకు పోయింది అన్నవి తెలిస్తే మిగతాది మాటల్లేకుండానే అర్థమవుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు బందెలదొడ్డి సీను దాటించేయడం నయం. ఫ్రాన్సులో 2008లో జాఁ పాల్ బెల్మోందోతో ఇదే కథను మళ్లీ తీశారు. వెతికేటప్పుడు సంవత్సరం చూసుకుని 1952 నాటిదే పెట్టుకోండి.